ముందు బల్బు నొక్కి చూడండి

ప్రశ్న: మా పడవకు రెండు సిలిండర్ల పాత టూ స్ట్రోక్ ఔట్‌బోర్డ్ మోటారు ఉంది. తాడు లాగగానే స్టార్టవుతుంది, స్లోలో చక్కగా నడుస్తుంది. ఫుల్ స్పీడ్ ఇచ్చిన కాసేపటికి నీరసించి ఆగిపోతుంది. మళ్లీ స్టార్ట్ చేస్తే మామూలే. ప్లగ్గులు మార్చాను, కార్బొరేటర్ విప్పి కడిగాను. ప్లగ్గులకు కరెంటిచ్చే కాయిల్ మార్చమని ఒకరు, ఇంజినే మార్చేయమని ఇంకొకరు అంటున్నారు. నీళ్ల మధ్యలో ఆగుతుందేమోనని ఒకటే టెన్షన్.

జవాబు: అప్పుడే ఏమీ కొనకండి. నా మొదటి అనుమానం పెట్రోలు దారి మీద. స్లోలో ఇంజిన్ తాగేది తక్కువ కాబట్టి ఆ దారి సగం మూసుకుపోయినా తెలియదు. ఫుల్ స్పీడ్‌లో మాత్రం కార్బొరేటర్ గిన్నెలో ఉన్నది వాడేసుకుని, తర్వాత చాలక ఆగుతుంది.

మొదట ట్యాంకు మూత మీద గాలి స్క్రూ తెరిచి ఉందో లేదో చూడండి. అది మూసి ఉంటే లోపలికి గాలి పోదు, పెట్రోలు బయటికి రాదు. తర్వాత ఒడ్డు దగ్గరలోనే, ఇంకొకరికి స్టీరింగ్ ఇచ్చి, కిల్ స్విచ్ తాడు (లాగితే ఇంజిన్ ఆగిపోయేది) ఒంటికి తగిలించుకోమని, ఫుల్ స్పీడ్‌లో నడిపించండి. ఇంజిన్ నీరసించడం మొదలవగానే ట్యాంకు నుంచి ఇంజిన్‌కు వెళ్లే పెట్రోలు పైపు మధ్యలోని రబ్బరు బల్బు పట్టుకుని గట్టిగా నొక్కండి. ఆ కొద్ది క్షణాల్లో చాలా తెలిసిపోతుంది.

నొక్కగానే ఇంజిన్ పుంజుకుంటే పెట్రోలు పంపు బలహీనపడిందన్నమాట, లేదా పైపు జాయింట్ల దగ్గర గాలి లాగుతోంది. బల్బు అప్పటికే లోపలికి అణిగిపోయి ఉంటే అడ్డు దాని వెనక, ట్యాంకు వైపు ఉంది. బల్బు గట్టిగా ఉండి, నొక్కినా మార్పు లేకపోతే కార్బొరేటర్ మెయిన్ జెట్ (ఫుల్ స్పీడ్‌లో పెట్రోలు వచ్చే సన్న రంధ్రం) మళ్లీ చూడాలి, లేదా స్పార్క్ వైపు వెళ్లాలి.

పాత పైపు గురించి గట్టిగా చెబుతాను. ఇథనాల్ కలిసిన పెట్రోలుకు పాత పైపుల లోపలి పొర ఉబ్బి, ఊడిపోతుంది. పైకి ఏమీ కనిపించదు. నోటితో ఊదితే గాలి పోతుంది, కానీ ఇంజిన్ లాగినప్పుడు ఊడిన పొర అడ్డం పడుతుంది. అందుకే ఊది చూసి బాగుందనుకోకండి. పైపు, బల్బు కలిపి మార్చేయండి. బల్బు మీది బాణం ఇంజిన్ వైపు ఉండాలి. పంపు విప్పితే లోపలి పలుచని పొరను, అదే డయాఫ్రమ్‌ను, వెలుతురుకు ఎదురుగా పట్టి చూడండి. సన్న చిల్లు ఉన్నా, బిరుసెక్కినా పనికిరాదు.

కాయిల్ మాటా నిజం కావచ్చు. అయితే చల్లగా ఉన్నప్పుడు స్పార్క్ చూసి లాభం లేదు. పాత కాయిల్ చాలాసార్లు వేడెక్కాకే మొరాయిస్తుంది. ఇంజిన్ ఆగిన వెంటనే, పెట్రోలు ఆవిరి లేని చోట, స్పార్క్ టెస్టర్‌తో చూడండి.

ఇంజిన్ పక్క నుంచి నీటి ధార సరిగా వస్తోందా? సన్నబడితే నడపడం ఆపేయండి. వేడికి పిస్టన్ బిగుసుకున్నా ఇలాగే నీరసిస్తుంది. నీటి పంపులో తిరిగే ఇంపెల్లర్ రబ్బరు రెక్కలు వంగిపోయి ఉంటే కొత్తది వేయించండి.

కంప్రెషన్ (సిలిండర్‌లో పిస్టన్ గాలిని నొక్కే ఒత్తిడి) చూడకుండా ఇంజిన్ పోయిందని ఎవరన్నా నేను ఒప్పుకోను. రెండు ప్లగ్గులూ తీసి, వాటి వైర్లు బాడీకి ఎర్త్ చేసి, థ్రాటిల్ పూర్తిగా తెరిచి గేజ్‌తో చూడండి. రెండు సిలిండర్ల మధ్య తేడా సుమారు 10 శాతం లోపుంటే ఆ ఇంజిన్‌ను బాగుచేసుకోవచ్చు. ఒకటి 110 పీఎస్ఐ, ఇంకొకటి 75 చూపిస్తే రింగులో, హెడ్ గ్యాస్కెట్టో పోయింది. మార్చాలా వద్దా అన్న ఆలోచన అప్పుడు.

ప్రశ్న: గేర్ ఆయిల్ పాలలా తెల్లగా వచ్చింది. కొత్తది పోస్తే చాలా?

జవాబు: చాలదు. లోపలికి నీళ్లు వెళ్తున్నాయి. ప్రొపెల్లర్ ఊడదీసి షాఫ్ట్ చుట్టూ చూడండి. గాలం దారం చుట్టుకుని ఆయిల్ సీల్‌ను కోసేయడం మామూలే. సీల్ మార్చాక కొత్త ఆయిల్ కింది రంధ్రం నుంచి, పై రంధ్రంలోంచి పొంగేదాకా ఎక్కించండి. పై స్క్రూ ముందు బిగించి, తర్వాత కిందిది. రెండింటికీ కొత్త వాషర్లు వేయండి.