సోలార్ కంపెనీ ఇస్తానన్న ‘ఒడ్డు డబ్బు’ నిజంగా చేతికి రావాలంటే

ప్రశ్న: మాది శ్రీకాకుళం జిల్లా వజ్రపుకొత్తూరు మండలంలో సముద్రాన్ని ఆనుకున్న ఊరు. తిత్లీ తుపానుకు జీడితోటలు పడిపోయిన 45 ఎకరాల పట్టా భూమిని 11 మంది రైతులం ఒక సోలార్ కంపెనీకి 27 ఏళ్ల లీజుకు ఇవ్వబోతున్నాం. ప్లాంటు 10 మెగావాట్లు. ‘మా లాభంలో ఏటా 2 శాతం మీ ఒడ్డు కోత ఆపడానికి, సరుగుడు తోటలకు ఇస్తాం’ అని గ్రామసభలో చెప్పారు. అమెరికాలో ఇలాంటి వాటా చట్టంలోనే ఉందట. మనకూ ఉందా? డబ్బు పంచాయతీకి రాయించుకోవాలా, వేరే కమిటీకా?

జవాబు: సోలార్, గాలి కరెంటు ఆదాయంలో తీరగ్రామానికి వాటా ఇమ్మనే చట్టం మన దగ్గర లేదు. మీరు విన్న అమెరికా చట్టం 2006 నాటిది. మెక్సికో గల్ఫ్‌లోని చమురు, గ్యాస్ లీజుల ఆదాయంలో 37.5 శాతాన్ని తీరం బాగుచేసుకోడానికి నాలుగు రాష్ట్రాలకు పంచుతుంది. మన దేశంలో జలవిద్యుత్ ప్రాజెక్టులకైతే 2008 విధానం 1 శాతం కరెంటును స్థానిక అభివృద్ధి నిధికి కేటాయించింది. సోలార్‌కు అది వర్తించదు. కాబట్టి మీ హక్కు పుట్టేది లీజు దస్తావేజులోనే, అదీ సంతకం పెట్టకముందే.

గ్రామసభలో చెప్పిన మాట తీర్మానం పుస్తకంలోకి ఎక్కినా కంపెనీని కట్టిపడేయదు. ప్రతిఫలం లేని వాగ్దానం కాంట్రాక్టు చట్టం 25వ సెక్షన్ ప్రకారం చెల్లదు. అదే మాట లీజు షరతుగా రాస్తే, భూమి ఇవ్వడమే ప్రతిఫలం అవుతుంది. ఏడాది దాటిన లీజుకు రిజిస్ట్రేషన్ తప్పనిసరి. కంపెనీలు ముందు కొంత అడ్వాన్సు ఇచ్చి, లీజు చేసుకుంటామన్న అగ్రిమెంటు మీద సంతకాలు తీసుకుంటాయి. షరతు ఆ అగ్రిమెంటులోనే ఉండాలి. తర్వాత చూద్దాం అంటే ఒప్పుకోవద్దు.

ఇక ‘లాభంలో 2 శాతం’ అన్నచోట గట్టిగా ఆగండి. ఆ అంకె కంపెనీల చట్టం 135వ సెక్షన్‌లోని సీఎస్ఆర్ (కంపెనీలు సామాజిక బాధ్యత కింద పెట్టాల్సిన ఖర్చు) అంకె. నికర విలువ 500 కోట్లు, టర్నోవర్ 1,000 కోట్లు, నికర లాభం 5 కోట్లు, వీటిలో ఏదో ఒకటి చేరిన కంపెనీకే ఆ సెక్షన్ వర్తిస్తుంది. మీ ప్లాంటు లెక్క చూడండి. మెగావాటుకు ఏడాదికి సుమారు 17 లక్షల యూనిట్లు, అంటే 10 మెగావాట్లకు 1.7 కోట్ల యూనిట్లు. యూనిట్ 3 రూపాయలు అనుకుంటే మొత్తం అమ్మకమే 5.1 కోట్లు. వడ్డీ, తరుగుదల తీసేశాక మొదటి ఏళ్లలో లాభం కాగితం మీద సున్నా కూడా కావచ్చు. సున్నాలో 2 శాతం మీకెందుకు?

లాభం మాట వదిలి, యూనిట్‌కు ఇన్ని పైసలని రాయించుకోండి. యూనిట్‌కు 1 పైసా అంటే ఏడాదికి 1.7 లక్షలు, 3 పైసలైతే 5.1 లక్షలు. ఎన్ని యూనిట్లో డిస్కం (కరెంటు పంపిణీ సంస్థ)తో కలిసి ప్రతి నెలా తీసే జాయింట్ మీటర్ రీడింగే చెబుతుంది. దాని నకలు మీకివ్వాలని రాయండి. అప్పిచ్చిన బ్యాంకు కంపెనీ రాబడిని ప్రత్యేక ఖాతాలో పెట్టి, ముందు నిర్వహణ ఖర్చు, తర్వాత అప్పు, చివరికి లాభం అనే వరసలో వదులుతుంది. అందుకే ఈ సొమ్మును లీజు అద్దెతో సమానమైన నిర్వహణ ఖర్చుగా చూపించాలి. బకాయి పడితే అద్దె బకాయి కిందే లెక్క అనాలి. ప్లాంటు చేతులు మారితే కొత్త యజమాని ముందుగా ఇదే షరతు మీద సంతకం చేయాలనీ రాయండి. ఇలాంటి ప్లాంట్లు అమ్ముడుపోవడం మామూలే.

డబ్బు ఎవరికి? పంచాయతీ నిధిలో వేస్తే వీధిదీపాల బిల్లులు, జీతాల పక్కన కలిసిపోతుంది, ఒడ్డుకే ఖర్చు పెట్టాలని పట్టుబట్టడం కష్టం. 2001 నాటి ఏపీ సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం కింద కనీసం ఏడుగురితో సొసైటీ పెట్టండి. ప్రెసిడెంటు గారిని, వేటకు వెళ్లే కుటుంబాల ఆడవాళ్లను కూడా సభ్యులుగా తీసుకోండి. ఆ సొసైటీ లీజులో ఒక పక్షంగా సంతకం పెట్టాలి. లేకపోతే రేపు దావా వేసినప్పుడు ‘నీతో మాకు ఒప్పందమే లేదు’ అనే వాదన దగ్గరే కేసు పోయే ప్రమాదం ఉంది. ఈ సోలార్ కంపెనీ మాతృసంస్థ విడిగా సీఎస్ఆర్ డబ్బు ఇస్తానంటే మంచిదే కానీ, అది తీసుకోడానికి ఆదాయపు పన్ను శాఖ దగ్గర దాతృసంస్థగా రిజిస్ట్రేషన్లు (12ఏ, 80జీ), కంపెనీల శాఖలో సీఎస్ఆర్-1 నమోదు, సాధారణంగా మూడేళ్ల పని అనుభవం కావాలి. కొత్త సొసైటీకి అవి ఉండవు.

ఖర్చు పెట్టే చోటే ఎక్కువమంది పొరపాటు చేస్తారు. చాలామందికి మొదట తట్టేది రాళ్ల కట్ట. తీరంలో పనులను నియంత్రించే సీఆర్‌జెడ్ నోటిఫికేషన్ కింద దానికి తీరప్రాంత యాజమాన్య అథారిటీ ద్వారా అనుమతి కావాలి. పైగా మన తీరంలో ఇసుక మొత్తమ్మీద దక్షిణం నుంచి ఉత్తరానికి కదులుతుంది. మీ ముందు కట్ట వేస్తే ఉత్తరాన పక్క ఊరి ఒడ్డు తెగుతుంది. కదిలే ఇసుక దిబ్బలను చదును చేయడం అసలు నిషేధం. సరుగుడు అలల గీత దాకా నాటితే ఆలివ్ రిడ్లీ తాబేళ్లు గుడ్లు పెట్టే ఇసుక మిగలదు. ముందు వరసలో బాలబంద తీగ, రావణాసురుడి మీసాల గడ్డి, వెనక మొగలి, ఆ వెనక సరుగుడు ఉండాలి. సరుగుడు 2 మీటర్ల ఎడంతో నాటితే, 50 మీటర్ల వెడల్పున కిలోమీటరుకు 12,500 మొక్కలు పడతాయి. మొక్కల ధర కన్నా మొదటి రెండేళ్లు నీళ్లు పోయడానికయ్యే ఖర్చే ఎక్కువ. ఒడ్డు ప్రభుత్వ భూమి కాబట్టి కలెక్టరు, అటవీశాఖల రాతపూర్వక అనుమతి ముందే తీసుకోండి.

లీజులో ఇంకో రెండు షరతులు పెట్టించండి. ఒకటి నీళ్లది. ఉప్పుగాలికి పలకల మీద పొర కడుతుంది, తరచూ కడగాలి. ఆ నీళ్లు అక్కడే బోరు వేసి తోడితే ఇసుక నేలలోని తీపినీటి పొర పలచబడి ఉప్పునీరు పైకి వస్తుంది, మీ తాగునీటి బావులు పాడవుతాయి. ప్లాంటులో బోరు వేయకూడదని, నీళ్లు బయటి నుంచి తెచ్చుకోవాలని, లేదా పొడిబ్రష్‌లతో తుడవాలని రాయండి. రెండోది దీపాలది. ప్రహరీ మీది ఫ్లడ్‌లైట్లు సముద్రం వైపు కనిపిస్తే గుడ్ల నుంచి బయటికొచ్చిన తాబేలు పిల్లలు నీళ్లకు బదులు వెలుతురు వైపు పాకి చచ్చిపోతాయి. వెలుతురు కింద నేల మీదే పడేలా, సముద్రం వైపు కనిపించకుండా దీపాలకు మూతలు ఉండాలనండి.

లీజుకు స్టాంపు డ్యూటీ మామూలుగా లీజు తీసుకునేవారే కట్టాలి, మీ మీద వేయనివ్వకండి. ముసాయిదా ఇంగ్లీషులో ఇస్తే తెలుగు ప్రతి అడిగి, 11 మందీ కలిసి చదివించుకున్నాకే అడ్వాన్సు ముట్టండి.