డెన్మార్క్‌లో రాజు మారిన రోజు నేను అక్కడే ఉన్నా

యూరప్‌లో ఇంకా రాజులున్న దేశాల్లో తర్వాత ఎవరన్నది ఎలా తేలుతుంది, పాత రాజు పోతేనే కొత్తాయన వస్తాడా అని కదా మీరడిగింది. నేను చూసింది డెన్మార్క్, అదే చెప్తా. అప్పుడు ఉద్యోగం కోపెన్‌హాగెన్‌లో.

2023 డిసెంబర్ 31న రాణి రెండో మార్గరెథె ఏటా ఇచ్చినట్టే టీవీలో కొత్త సంవత్సరం ప్రసంగం ఇస్తూ ఇస్తూ, జనవరి 14న దిగిపోతున్నా, మా అబ్బాయి ఫ్రెడరిక్‌కి అప్పగిస్తున్నా అనేశారు. ఆవిడ గద్దెనెక్కింది 1972లో సరిగ్గా అదే తేదీన. అక్కడ తనంతట తాను దిగిపోయిన రాజు 1146 తర్వాత మళ్లీ లేడు, అందుకే అంత షాక్.

జనవరి 14 ఆదివారం. పార్లమెంటు ఉండే క్రిస్టియన్స్‌బోర్గ్ ప్యాలెస్ ముందు జనంలో నిలబడ్డా. రెండు జతల సాక్సులున్నా కాళ్లు మొద్దుబారిపోయాయి. పట్టాభిషేకం చూద్దామని వెళ్తే కిరీటమే లేదు! 1849లో రాజ్యాంగం వచ్చాక అక్కడ ఆ తంతు లేదు. లోపల మంత్రుల సమావేశంలో రాణి ఒక కాగితం మీద సంతకం పెట్టి కుర్చీలోంచి లేచారు, కొడుకు ఆ కుర్చీలో కూర్చున్నారు, అంతే. మూడింటికి ప్రధాని మెట్టె ఫ్రెడరిక్సన్ బాల్కనీలోంచి కొత్త రాజు పేరు మూడుసార్లు ప్రకటించారు. కొత్త రాజు కళ్లు తుడుచుకోవడం ఇంటికెళ్లి టీవీలో చూశా, అక్కడ నాకు కనిపించినవి ముందువాళ్ల జెండాలే. ఇటు వీడియో కాల్‌లో అమ్మ, "కిరీటం ఎప్పుడు పెడతార్రా?" అని ఒకటే గోల.

అసలు విషయం చట్టంలో ఉంది. మార్గరెథె నాన్నగారికి ముగ్గురూ ఆడపిల్లలే, ఆడవాళ్లకి హక్కు లేదు కాబట్టి వారసుడు బాబాయి క్నూడ్. 1953లో జనం ఓటేసి చట్టం మార్చాక పదమూడేళ్ల ఈ అమ్మాయి వారసురాలైంది, బాబాయి వెనక్కి పోయాడు. అప్పటికీ కొడుకులుంటే వాళ్లే ముందు. అదీ 2009లో పోయింది, ఇప్పుడు ఆడైనా మగైనా ముందు పుట్టినవాళ్లే. మార్చడం మాత్రం అంత తేలిక కాదు: ఒక పార్లమెంటు ఒప్పుకోవాలి, ఎన్నికలయ్యాక వచ్చిన కొత్త పార్లమెంటు మళ్లీ ఒప్పుకోవాలి, ఆపైన మొత్తం ఓటర్లలో కనీసం 40 శాతం మంది సరేనని ఓటెయ్యాలి. (ఓటు వెయ్యకుండా ఇంట్లో కూర్చున్నవాళ్లు కూడా ఒకరకంగా వద్దన్నట్టే.)

గద్దె వరసలో ఉన్నవాళ్ల పెళ్లికి కూడా రాజు అనుమతి కావాలి, లేకపోతే వరసలోంచి అవుట్. బిరుదు వేరు, వరస వేరు. రాణి చిన్నకొడుకు పిల్లలకి 2023 నుంచి రాకుమారుల బిరుదులు తీసేశారు, గద్దె వరసలో వాళ్ల చోటు మాత్రం అలాగే ఉంది.

ఇప్పుడు ఫ్రెడరిక్ తర్వాత పెద్దకొడుకు క్రిస్టియన్, ఆ తర్వాత కూతురు ఇసబెల్లా. పాత చట్టమైతే 2011లో పుట్టిన తమ్ముడు విన్సెంట్ ఈ అమ్మాయిని దాటేసేవాడు. ఆ విన్సెంట్‌కి కవల చెల్లెలుంది, జోసెఫీన్. 26 నిమిషాలు ఆలస్యంగా పుట్టినందుకు ఆమె నాలుగోది.