ఫైలు నీ సంచిలో పెట్టుకోకు

తమ్ముడూ,

అడవి మీద హక్కుల దరఖాస్తులు చూసే మీ ఊరి అటవీ హక్కుల కమిటీకి కార్యదర్శివయ్యావట, సంతోషం. కొంచెం భయం కూడా వేసింది, ఎందుకంటే చదువుకున్నవాడు ఒకడు దొరికితే చాలు, ఊరు కాగితాలన్నీ వాడి నెత్తిన పెట్టేసి నిశ్చింతగా ఉంటుంది. మా ఊళ్లో ఆ ఒకణ్ణి నేనే. ఆఫీసుల్లో అందరికీ నా పేరు తెలుసు, నాకదో గొప్ప. నేను మలేరియాతో మంచాన పడ్డప్పుడే ఆఫీసువాళ్లు సర్వేకి వచ్చారు. హద్దు ఎక్కడంటే ఒకరు వాగు అన్నారు, ఇంకొకరు గుట్ట అవతల అన్నారు. దరఖాస్తులో ఏం రాశామో నాకు తప్ప ఎవరికీ తెలియదు మరి! దానికి ఆఫీసువాళ్లను ఏమని తిడతాం?

అందుకే ముందు ఊరంతా కలిసి నేర్చుకోండి, దరఖాస్తు తర్వాత. మహారాష్ట్రలో గడ్చిరోలి జిల్లా మెండా లేఖా అనే ఊళ్లో గోండులు ఇదే చేశారు. అక్కడ అభ్యాస బృందం వేరు, గ్రామసభ వేరు. బృందంలో ఒక విషయం పట్టుకుని తీరిగ్గా చర్చించుకుంటారు, తెలిసినవాళ్లను పిలిచి అడుగుతారు. నిర్ణయం మాత్రం గ్రామసభదే, అదీ ఓట్లేసి కాదు, అందరూ సరేననేదాకా కూర్చుని. 2009లో వాళ్లకు సామూహిక అటవీ హక్కు, అంటే ఊరంతటికీ కలిపి అడవి మీద హక్కు వచ్చింది. అయినా తమ వెదురు తాము అమ్ముకోవడానికి రవాణా పర్మిట్ల కోసం కొట్లాడాల్సి వచ్చింది, 2011లో గానీ ఆ పర్మిట్ల పుస్తకం గ్రామసభ చేతికి రాలేదు. పట్టా వస్తే పని అయిపోయినట్టే అనేవాళ్లకు ఈ సంగతి చెప్పు.

వారానికో సాయంత్రం 2006 అటవీ హక్కుల చట్టంలో ఒక్క ముక్క మన భాషలో చదివి వినిపించు, పై వారం అదే ముక్క వేరేవాళ్లు చెప్పాలి. తడబడతారు, నువ్వు అందుకోకు. దరఖాస్తుదారులు కాని పెద్దల మాట రాసిపెడితే అదీ సాక్ష్యమేనని రూల్స్‌లోనే ఉంది, కాబట్టి ముసలివాళ్లను, కుర్రాళ్లను కలిపి హద్దు వెంట నడిపించు, పాత బావి, సమాధి రాళ్లు చూపించమను. ఆడవాళ్లు లేకుండా మాత్రం వెళ్లకండి. ఆకు, జిగురు ఎక్కడిదాకా వెళ్లి ఏరుకొస్తారో వాళ్లకే తెలుసు. గ్రామసభకు సగం మంది రావాలి, వచ్చినవాళ్లలో మూడో వంతు ఆడవాళ్లు ఉండాలి, ఇంటింటికీ తిరిగి సంతకాలు పెట్టించేస్తే అది సభ కాదు.

ఆఫీసుకు ఎప్పుడూ ముగ్గురు వెళ్లండి, ప్రతిసారీ ఒకరు కొత్తవాళ్లుండాలి. కాగితం ఇస్తే రసీదు, తిరస్కరిస్తే కారణం రాతలో అడగండి. అప్పీలుకు 60 రోజులే గడువు. రసీదుల నకళ్లు మూడు ఇళ్లలో ఉంచు, ఆ మూడింట్లో నీ ఇల్లు ఉండకూడదు.