టెక్ సందేహాలు: గట్టిమేళం వేళ సినిమా కెమెరా

ప్రశ్న: ప్రొద్దుటూరులో మాకు చిన్న స్టూడియో ఉంది. పెళ్లిళ్లు, ఓణీల ఫంక్షన్లు తీస్తాం. చేతిలో ఉన్నది పాత కెనాన్ డీఎస్ఎల్ఆర్, మూడు ఈఎఫ్ లెన్సులు. రెండున్నర లక్షల్లో ఒక సినిమా కెమెరా కొందామని ఉంది. నికాన్ జెడ్ఆర్, సోనీ ఎఫ్ఎక్స్30, బ్లాక్‌మ్యాజిక్ పాకెట్ 4కె... ఈ మూడింట్లో ఏది మేలు? సీజన్ లేనప్పుడు గండికోటలో ఒక షార్ట్ ఫిల్మ్ తీయాలని కూడా అనుకుంటున్నా. సినిమా కెమెరా ఉందంటే ఆర్డర్ల రేటు పెరుగుతుందా?

జవాబు: మీ ఇల్లు గడిచేది పెళ్లిళ్ల మీద. కాబట్టి ముందు ముహూర్తం సంగతి చూద్దాం, గండికోటకు తర్వాత వెళ్దాం.

జీలకర్ర బెల్లం పెట్టే క్షణంలో పురోహితుడి చెయ్యి అడ్డొస్తుంది, మేనమామ ఫోను అడ్డొస్తుంది, ఎవరో ఒక పెద్దావిడ అక్షింతల పళ్లెంతో సరిగ్గా మీ లెన్సు ముందే నిలబడుతుంది. అప్పుడు ఫోకస్ తనంతట తాను ముఖాన్ని వెతికి పట్టుకోవాలి. 2018లో వచ్చిన పాకెట్ 4కె ఆ పని చేయదు. బటన్ నొక్కితే ఒకసారి ఫోకస్ చేసి ఊరుకుంటుంది, మనిషి కదిలితే వెంట రాదు. సినిమా సెట్లో ఫోకస్ చూసుకోవడానికే ఒక మనిషి ఉంటాడు, పెళ్లి మండపంలో మీరొక్కరే. పైగా సెన్సర్‌లో చేతి వణుకును సర్దే స్టెబిలైజేషన్ లేదు, బ్యాటరీ గంట వచ్చిందంటే గొప్ప. బొమ్మ అందంగా ఉంటుంది, కాదనను. దాంతోపాటు డావిన్సీ రిజాల్వ్ స్టూడియో అనే ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ లైసెన్సూ వస్తుంది. అయినా పెళ్లిళ్లకు వద్దు. బ్లాక్‌మ్యాజిక్ మీదే మనసు పోతుంటే మీ ఈఎఫ్ లెన్సులు నేరుగా ఎక్కే పాకెట్ 6కె చూడండి. ఫోకస్ బాధ మాత్రం అందులోనూ తప్పదు.

ఇక ‘రా’ రికార్డింగ్, అంటే సెన్సర్ పట్టినదాన్ని దాదాపు ఉన్నదున్నట్టు దాచే పద్ధతి. ఈ కెమెరాల ప్రకటనలన్నీ దాని చుట్టే తిరుగుతాయి. పాకెట్ 4కెలో 8:1 కంప్రెషన్‌తో సెకనుకు 25 ఫ్రేముల దగ్గర తీస్తే గంటకు 150 జీబీ దాటుతుంది. పెళ్లికి ఆరు గంటల ఫుటేజీ అనుకుంటే 900 జీబీ. రెండో కాపీ పెట్టుకోకుండా ఎవరూ నిద్రపోరు కాబట్టి దగ్గర దగ్గర 2 టీబీ, అదీ ఒక్క పెళ్లికి. జెడ్ఆర్‌లో 6కె రా ఇంకా బరువు. అదే ఎఫ్ఎక్స్30లో 4కె 25 ఫ్రేములు, 10 బిట్ 4:2:2 (రంగుల వివరం ఎక్కువ నిలిపే పద్ధతి), సెకనుకు 140 మెగాబిట్లు పెట్టుకుంటే గంటకు 63 జీబీ, ఆరు గంటలకు 380 జీబీ లోపే. మాఘమాసంలో వరసగా ముహూర్తాలు ఉన్నప్పుడు ఈ తేడా హార్డ్ డిస్కుల బిల్లులో తెలిసొస్తుంది.

పెళ్లి వీడియోలో కంటికి కనబడే మార్పు రా వల్ల కన్నా 10 బిట్ వల్లే ఎక్కువ వస్తుంది. పాత డీఎస్ఎల్ఆర్ ఒక్కో రంగానికి 256 మెట్లు రాస్తుంది, 10 బిట్ 1024 రాస్తుంది. పసుపు రాసిన ముఖం, జరీ మెరుపు, వెనక నీలం ఎల్ఈడీ లైటు ఒకే ఫ్రేములో ఉన్నప్పుడు ఎడిటింగ్‌లో రంగు కాస్త సవరించగానే పాత ఫుటేజీలో చారలు పడేది అందుకే. దీనికి రా అక్కర్లేదు, 10 బిట్ లాగ్ (తర్వాత రంగులు దిద్దుకోవడానికి వీలుగా బొమ్మను చప్పగా తీసే పద్ధతి) చాలు. మన కరెంటు 50 హెర్ట్‌జ్ కాబట్టి 25 ఫ్రేములు, 1/50 షట్టర్ మీద ఉంటే ట్యూబ్‌లైట్ల మినుకు చాలావరకు పోతుంది. 24 ఫ్రేములే కావాలంటే షట్టర్ యాంగిల్ 172.8 డిగ్రీలు పెట్టండి, అది కూడా 1/50 సెకనే.

2025 సెప్టెంబరులో ప్రకటించిన జెడ్ఆర్ దగ్గర మనసు ఆగేది ఇక్కడే. సినిమా కెమెరాల కంపెనీ రెడ్‌ను నికాన్ 2024లో కొనేసింది. ఆ పెళ్లికి పుట్టిన మొదటి బిడ్డ ఇది. ఫుల్‌ఫ్రేమ్ సెన్సర్, 6కెలో 60 ఫ్రేముల వరకు రెడ్ వాళ్ల రా రకం, నాలుగు అంగుళాల వెలుతురైన తెర. నాకు వీటన్నిటికన్నా నచ్చింది 32 బిట్ ఫ్లోట్ ఆడియో. పురోహితుడి మంత్రానికి సరిపడా లెవెల్ పెట్టుకుని కూర్చుంటే, ఒక్కసారిగా గట్టిమేళం అనగానే సన్నాయీ డోలూ మామూలు రికార్డింగ్‌లో పగిలిపోతాయి. 32 బిట్ ఫ్లోట్‌లో ఆ శబ్దాన్ని ఎడిటింగ్‌లో కిందికి దించుకోవచ్చు. మైకే తట్టుకోలేనంత దగ్గరగా డోలు పక్కన పెడితే మాత్రం ఏ బిట్టూ కాపాడదు.

లోపాలూ ఉన్నాయి. రెండో కార్డు స్లాట్ మైక్రోఎస్‌డీది. రా వేగాన్ని అది అందుకోలేదు కాబట్టి రా అంతా ఒక్క సీఎఫ్ఎక్స్‌ప్రెస్ కార్డు మీదే ఆధారం. తాళికట్టే దృశ్యం ఉన్న కార్డు పాడైతే మళ్లీ కట్టమని అడగలేం కదా. ఎఫ్ఎక్స్30లో రెండు కార్డుల్లోకీ ఒకేసారి రాయించుకోవచ్చు. జెడ్ఆర్‌కు ఫ్యాన్ లేదు, ఎఫ్ఎక్స్30కి ఉంది. ఈ మూడింటికీ కంపెనీలు చెప్పే వేడి హద్దు 40 డిగ్రీలే. ఏప్రిల్, మే నెలల్లో మన వైపు నీడలోనే అది దాటుతుంది. షామియానా కింద ఏ కెమెరానైనా గొడుగు నీడలో ఉంచండి, కారు డిక్కీలో పడేసి భోజనానికి వెళ్లకండి.

డబ్బు లెక్కకొద్దాం. విడుదలైనప్పటి అమెరికా ధరలు పాకెట్ 4కె 1,295 డాలర్లు, ఎఫ్ఎక్స్30 దాదాపు 1,800, జెడ్ఆర్ దాదాపు 2,200. దాన్నే రూపాయల్లోకి మార్చి సరిపెట్టుకోకండి. ఇక్కడి ధరలో 18 శాతం జీఎస్టీ ఉంటుంది, మీ స్టూడియో రిజిస్టర్ అయి ఉంటే దాన్ని ఇన్‌పుట్ క్రెడిట్‌గా తీసుకోవచ్చు. పైగా బాడీ ఒక్కటీ కొంటే పని జరగదు. ఎఫ్ఎక్స్30 సెన్సర్ చిన్నది కాబట్టి మీ 50 ఎం.ఎం. లెన్సు దాని మీద 75లా చూపిస్తుంది. ఇరుకు కల్యాణ మండపంలో వెనక్కి జరగడానికి చోటుండదు. 16, 17 ఎం.ఎం. నుంచి మొదలయ్యే జూమ్ ఒకటి సోనీ మౌంట్‌లో కొనక తప్పదు. అడాప్టర్‌తో ఈఎఫ్ లెన్సులు ఎక్కుతాయి, కానీ వీడియోలో వాటి ఆటోఫోకస్‌ను నమ్ముకోవద్దు. జెడ్ఆర్‌కైతే లెన్సుకు తోడు సీఎఫ్ఎక్స్‌ప్రెస్ కార్డుల ఖర్చు. బాడీతో పాటు ఆ రెండూ రెండున్నర లక్షల్లో ఇమడవు.

నా సలహా ఎఫ్ఎక్స్30, ఒక వెడల్పు జూమ్, మంచి కాలర్ మైకు. మీకు ఇప్పటికే నికాన్ జెడ్ మౌంట్ లెన్సులు ఉండుంటే జెడ్ఆర్ అని ఉండేవాణ్ణి.

గండికోటకు వద్దాం. మిట్టమధ్యాహ్నం ఎండలో ఐఎస్ఓ 800, షట్టర్ 1/50 పెట్టి లెన్సు ఎఫ్/4 దగ్గర తెరిస్తే ఎనిమిది స్టాపులు ఎక్కువ వెలుతురు పడుతుంది (ఒక్కో స్టాపుకు వెలుతురు రెట్టింపు). పెన్న లోయ అంతా తెల్లకాగితమే. ఈ మూడు కెమెరాల్లోనూ లోపల వెలుతురును తగ్గించే ఎన్‌డీ ఫిల్టర్ లేదు. చవక వేరియబుల్ ఎన్‌డీని చివరిదాకా తిప్పితే ఆకాశంలో కత్తెర గుర్తులాంటి నల్ల మచ్చ వస్తుంది. ఆరు స్టాపుల ఫిక్స్‌డ్ ఎన్‌డీ ఒకటి, రెండు స్టాపులది ఒకటి కొనుక్కోండి. కోట కేంద్ర పురావస్తు శాఖ రక్షణలో ఉంది కాబట్టి ట్రైపాడ్ దించకముందే అనుమతి తీసుకోవాలి. ఆ షార్ట్ ఫిల్మ్‌కు రానే కావాలనిపిస్తే ఆ నాలుగు రోజులకు హైదరాబాద్‌లోనో బెంగళూరులోనో కెమెరా అద్దెకు తెచ్చుకోండి.

రేటు సంగతా? పెళ్లివారు కెమెరా పేరు అడగరు. డ్రోన్ ఉందా, ఎల్ఈడీ తెర పెడతారా, ఆల్బమ్‌లో ఎన్ని షీట్లు అని అడుగుతారు.

ప్రశ్న: కర్నూలులో ఎడిటింగ్ చేస్తాను. ఒక స్టూడియో వాళ్లు పంపే హెచ్.265 10 బిట్ 4:2:2 క్లిప్పులు ప్రీమియర్‌లో ఆగి ఆగి నడుస్తున్నాయి. కార్డు ఎన్విడియా ఆర్‌టీఎక్స్ 3060. ఇంకా పెద్ద కార్డు వేయాలా?

జవాబు: 4070 వేసినా ఇదే గతి. ఎన్విడియాలో 4:2:2 హెచ్.265ను హార్డ్‌వేర్‌లో విప్పే శక్తి 50 సిరీస్ కార్డుల నుంచే వచ్చింది. ఇంటెల్ ప్రాసెసర్లలోని సొంత గ్రాఫిక్స్‌కు మాత్రం 11వ తరం నుంచే ఉంది. మీది 11వ తరం లేదా ఆ పైదై, పేరు చివర ‘ఎఫ్’ అక్షరం లేకపోతే పైసా ఖర్చు లేదు. బయోస్‌లో లోపలి గ్రాఫిక్స్‌ను ఆన్ చేసి, ప్రీమియర్ ప్రిఫరెన్సెస్‌లోని మీడియా విభాగంలో ఇంటెల్ డీకోడింగ్‌కు టిక్ పెట్టండి. ‘ఎఫ్’ ఉంటే ప్రాక్సీలు (ఎడిటింగ్ కోసం తేలికపాటి నకళ్లు) చేసుకోవడమే. లేదా ఆ స్టూడియో వాళ్లను హెచ్.264 ఆల్ ఇంట్రాలో (ప్రతి ఫ్రేమునూ విడిగా దాచే పద్ధతి) తీయమనండి. ఫైలు పెద్దదే, ఎడిటింగ్‌లో తేలిక.

ప్రశ్న: అనంతపురం నుంచి. బెంగళూరులో ఒకాయన వాడిన సినిమా కెమెరా సగం ధరకు ఇస్తానంటున్నాడు. ఏం చూసుకోవాలి?

జవాబు: ఒరిజినల్ బిల్లు, దాని మీద సీరియల్ నంబరు, బాడీ మీద నంబరు ఒకటేనా అన్నది మొదట. బిల్లు లేకపోతే అక్కడితో వదిలేయండి. ఉంటే మీ కార్డు, మీ లెన్సు తీసుకెళ్లి ఆపకుండా ఒక గంట రికార్డు చేయండి. వేడెక్కాక ఫ్యాన్ గరగరమంటుందేమో వినండి. లెన్సుకు మూత పెట్టి ఎక్కువ ఐఎస్ఓలో ఒక నిమిషం తీస్తే పాడైన పిక్సెళ్లు చుక్కల్లా బయటపడతాయి. ఆకాశాన్ని ఎఫ్/16లో తీస్తే సెన్సర్ మీది మరకలు కనిపిస్తాయి. హెచ్‌డీఎంఐ, మైకు, యూఎస్‌బీ సాకెట్లలో వైరు పెట్టి కొంచెం కదిపి చూడండి. పెళ్లిళ్లలో వాడిన కెమెరాల్లో ముందు వదులయ్యేవి అవే.

ప్రశ్న: డిగ్రీ విద్యార్థిని. కెమెరా కొనే స్తోమత లేదు. ఫోనుతోనే బెలుం గుహల్లో డాక్యుమెంటరీ తీయవచ్చా?

జవాబు: తీయవచ్చు. బ్లాక్‌మ్యాజిక్ కెమెరా యాప్ ఉచితం. ఐఫోన్‌కు 2023లో, కొన్ని ఆండ్రాయిడ్ ఫోన్లకు 2024లో వచ్చింది. షట్టర్, ఐఎస్ఓ, వైట్ బ్యాలెన్స్ మీ చేతిలో ఉంటాయి. గుహలో వెలుతురు తక్కువ, ఫోను సెన్సర్ చిన్నది. అందుకే టెలీ లెన్సు జోలికి పోకుండా మెయిన్ లెన్సుతోనే తీయండి. వైట్ బ్యాలెన్స్‌ను లాక్ చేయండి, లేకపోతే పసుపు లైటు నుంచి తెల్ల లైటు దాటినప్పుడల్లా రాతి రంగు మారిపోతుంది. చేత్తో పట్టే చిన్న ఎల్ఈడీ లైటు ఒకటి పట్టుకెళ్లి, దాన్ని ఫోను పక్క నుంచి కాకుండా రాతికి ఓ పక్క నుంచి వేయండి, గరుకుదనం తేలుతుంది. లోపల గాలి ఉక్కగా ఉంటుంది, లెన్సు మీద ఆవిరి పడితే తుడవడానికి మెత్తటి గుడ్డ జేబులో ఉంచుకోండి.