పికప్‌కి ఏ ఎయిర్ ఫిల్టర్ వేయాలి? పాఠకుల ప్రశ్నలకు జవాబులు

ప్రశ్న: సార్, నాది టర్బో ఉన్న డీజిల్ పికప్. లోడేసుకుని మట్టి రోడ్ల మీదే ఎక్కువ తిరుగుతుంది. ఎయిర్ ఫిల్టర్ మార్చాల్సిందే అని మెకానిక్ చెప్పాడు. షాపులో మూడు చూపించారు, ఒకటి బండి కంపెనీది, ఇంకోటి దానికంటే బాగా తక్కువకొచ్చే పేపర్ ఫిల్టర్, మూడోది ఆయిల్ పూసి ఉండే కాటన్‌ది, కడుక్కుని మళ్ళీ వాడుకోవచ్చంట. కాటన్‌ది వేస్తే బండి బాగా లాగుద్ది, ఇంక జన్మలో ఫిల్టర్ కొనక్కర్లేదు అంటున్నారు. నిజమేనా? ఏది తీసుకోమంటారు?

జవాబు: మీ బండికి, మీరు తిరిగే రోడ్లకి మంచి పేపర్ ఫిల్టరే వేయండి. కాటన్‌ది వద్దు. ఎందుకో చెప్తా, కాస్త ఓపిగ్గా చదవండి, ఎందుకంటే ఇక్కడ పొరపాటు జరిగితే పోయేది ఫిల్టర్ కాదు, ఇంజన్.

ముందు ఇంజన్ ఎంత గాలి పీలుస్తుందో చూడండి. 2.5 లీటర్ల ఫోర్ స్ట్రోక్ ఇంజన్ 2000 ఆర్‌పీఎం మీద నడుస్తుంటే, రెండు తిరుగుళ్ళకి ఒకసారి సిలిండర్లన్నీ నిండుతాయి కాబట్టి లెక్కప్రకారం నిమిషానికి 2500 లీటర్ల గాలి, అంటే గంటకి 1,50,000 లీటర్లు. టర్బో గాలిని తొక్కి పెట్టి లోపలికి పంపుతుంది కాబట్టి మీ బండిలో ఇంకా ఎక్కువే. ఆ గాలితో పాటు వచ్చే మట్టి రోడ్డు దుమ్ములో ఇసుక రేణువులే చాలా ఉంటాయి, అంటే క్వార్ట్జ్, గట్టిదనాన్ని 1 నుంచి 10 దాకా కొలిచే మోస్ స్కేలు మీద అది 7, పిస్టన్ రింగుల్నీ లైనర్నీ, అంటే పిస్టన్ ఆడే సిలిండర్ లోపలి గోడనీ, గీకడానికి అది చాలు. పైగా ఇంజన్‌ని తినేది మన కంటికి కనపడే ఇసుక కాదండి. మైక్రాన్ అంటే మిల్లీమీటర్‌లో వెయ్యో వంతు, మనిషి వెంట్రుక మందం ఉజ్జాయింపుగా 70 మైక్రాన్లు అనుకుంటే, రింగుకీ లైనర్‌కీ మధ్య ఉండే ఆయిల్ పొర మందం కొన్ని మైక్రాన్లే, ఆ సందులో పట్టేంత సన్న దుమ్మే అసలు శత్రువు. అది లోపలికెళ్తే రింగులు అరుగుతాయి, కంప్రెషన్ తగ్గుద్ది, బండి ఆయిల్ తాగడం మొదలెడుతుంది, ఆఖరికి ఇంజన్ బోరుకొస్తుంది. టర్బో ఉంటే గాలి ముందు తగిలేది దాని ఫ్యాన్ రెక్కలకే, అవి అంచుల దగ్గర అరిగిపోతాయి.

ఇప్పుడు శాతాల సంగతి, ఇది చాలామంది సరిగా చూడరు. ఒక ఫిల్టర్ 99 శాతం దుమ్ము ఆపుతుంది, ఇంకోటి 97 శాతం ఆపుతుంది అని అట్టపెట్టె మీద రాసుంటే రెండే శాతం కదా తేడా అనిపిస్తుంది. కానీ ఇంజన్‌కి కావాల్సింది ఆగిన దుమ్ము లెక్క కాదు, దాటిన దుమ్ము లెక్క. 100 గ్రాముల దుమ్ము వస్తే మొదటిది 1 గ్రాము వదుల్తుంది, రెండోది 3 గ్రాములు వదుల్తుంది, అంటే మూడింతలు. ఆయిల్ పూసిన కాటన్ ఫిల్టర్లు గాలిని తేలిగ్గా వదుల్తాయి, అది నిజమే, కానీ మామూలుగా సన్న దుమ్మునీ పేపర్ కంటే ఎక్కువే వదుల్తాయి. మట్టి రోడ్డు బండికి ఆ బేరం అస్సలు గిట్టదు. ఫిల్టర్లని పరీక్షించే పద్ధతికి ఐఎస్ఓ 5011 అని ఒక ప్రమాణం ఉంది, ఆ పద్ధతిలో వచ్చిన శాతాన్ని పెట్టె మీదో వివరాల కాగితంలోనో చెప్పే కంపెనీని నమ్మొచ్చు.

ఇక బాగా లాగుద్ది అన్న మాట. ఇంజన్‌లో వేరే మార్పులేం చేయనప్పుడు కంపెనీ ఫిల్టర్ డబ్బా, దాని మడతల విస్తీర్ణం ఆ ఇంజన్ అవసరానికి మించే ఉంటాయండి, కొత్త పేపర్ ఫిల్టర్ దగ్గర గాలికి ఉండే అడ్డు చాలా తక్కువ, దాన్ని ఇంకాస్త తగ్గిస్తే లోడు బండి నడిపేవాళ్ళకి తెలిసేంత తేడా రాదు. కాటన్‌దానికి ఇంకో చిక్కు కూడా ఉంది. కడగాలి, పూర్తిగా ఆరబెట్టాలి, ఆయిల్ సమానంగా పూయాలి. ఆయిల్ తక్కువైన చోట దుమ్ము దూరుద్ది, ఎక్కువైతే ఆ ఆయిల్ గాలితో పోయి, లోపలికెళ్ళే గాలిని కొలిచే ఎయిర్ ఫ్లో సెన్సార్‌లోని సన్న తీగ మీద అంటుకుని రీడింగ్ తప్పు చూపించొచ్చు, ఇంజన్ లైట్ వెలగొచ్చు. పనిబండికి అంత ఓపిక ఎవరికుంటుంది చెప్పండి.

మిగిలింది కంపెనీదా, తక్కువకొచ్చే పేపర్‌దా అన్నది. కంపెనీదే కావాలని నేననను, బయట ఫిల్టర్లు చేసే మంచి బ్రాండ్లున్నాయి, బండ్ల కంపెనీలకే సప్లై చేసేవాళ్ళూ ఉన్నారు. కానీ కొనేముందు చేత్తో పట్టుకుని చూడండి. పాత ఫిల్టర్ తీసుకెళ్ళండి, దాని మీద నంబర్ ఉంటుంది, దానికి సరిపోయే నంబరే అడగండి, మీ మోడల్‌కి ఇదే వస్తుంది అన్న నోటిమాట చాలదు, ఒకే మోడల్‌లో ఇంజన్‌ని బట్టి, తయారైన సంవత్సరాన్ని బట్టి ఫిల్టర్ మారిపోతుంటుంది. రెండూ పక్కపక్కన పెట్టి ఎత్తు, బయటి చుట్టు, లోపలి రంధ్రం చూడండి. మడతలు సమానంగా ఉన్నాయా, ఎక్కడైనా రెండు మూడు అతుక్కుపోయాయా, పాతదానికంటే మడతలు బాగా తక్కువున్నాయా చూడండి. మడతలు తగ్గితే పేపర్ తగ్గినట్టే, త్వరగా నిండిపోద్ది. కొసల్లో జిగురు సందులు లేకుండా పట్టిందా అన్నదీ చూడాలి.

అన్నిటికంటే ముఖ్యం ఆ చుట్టూ ఉండే రబ్బర్ సీల్. వేలితో నొక్కండి, మెత్తగా దిగి వెంటనే పైకి రావాలి. గట్టిగా ప్లాస్టిక్‌లా ఉంటే తిరిగిచ్చేయండి. సీల్ దగ్గర సందుంటే పేపర్ ఎంత గొప్పదైనా దండగే, గాలి ఎప్పుడూ సులువైన దారే వెతుక్కుంటుంది, సందులోంచి వెళ్ళే గాలి అసలు వడకట్టకుండానే లోపలికి పోతుంది.

బిగించేటప్పుడు డబ్బా లోపల తడిగుడ్డతో తుడవండి, కానీ ఇంజన్‌వైపు వెళ్ళే పైపులో దుమ్ము పడనీయొద్దు. క్లిప్పులన్నీ పడాలి. టర్బోకి వెళ్ళే రబ్బర్ గొట్టం పగిలిందేమో, క్లాంపు వదులైందేమో అప్పుడే చూసేయండి. డబ్బా కింద దుమ్ము రాలిపోవడానికి ఒక రబ్బర్ ముక్కు ఉంటుంది కొన్ని బండ్లకి, దాన్ని అప్పుడప్పుడు నొక్కి దులపాలి, ఊడిపోయుంటే కొత్తది వేయించండి. కొన్నాళ్ళు నడిపాక డబ్బా తెరవాల్సొచ్చినప్పుడు ఫిల్టర్ తర్వాతి పైపు లోపల తెల్లగుడ్డతో తుడిచి చూడండి, గుడ్డకి మట్టి అంటితే ఎక్కడో సందుంది, అది పట్టుకునేదాకా బండి తిప్పకపోవడమే మంచిది.

ప్రశ్న: మా డ్రైవర్ ప్రతి వారం ఫిల్టర్ తీసి పంక్చర్ షాపులో గాలి కొట్టించి మళ్ళీ వేస్తాడు. మంచి అలవాటే కదా అన్నా?

జవాబు: మాన్పించండి. అతని శ్రద్ధని తప్పు పట్టడం లేదు, బండి మీద ప్రేమతోనే చేస్తున్నాడు, కానీ దానివల్ల నష్టమే. టైర్లకి కొట్టే గాలి ప్రెషర్‌కి పేపర్‌లో కంటికి కనపడని చిరుగులు పడతాయి. ఇంకో సంగతి, పేపర్ మీద పట్టిన దుమ్ము పొర కూడా వడకడుతుంది, అందుకే కొంచెం వాడిన ఫిల్టర్ కొత్తదానికంటే బాగా దుమ్ము ఆపుతుంది. వారం వారం దాన్ని దులిపేస్తే ఆ లాభం పోతుంది, పైగా డబ్బా తెరిచిన ప్రతిసారీ కాస్త మట్టి శుభ్రంగా ఉండాల్సిన వైపు రాలుతుంది. నేలకేసి కొట్టడం కూడా వద్దు, అంచులు వంగితే సీల్ కూర్చోదు. దారిలో కొత్తది దొరకని పరిస్థితి అయితే తక్కువ ప్రెషర్‌తో, దూరం నుంచి, లోపలి వైపు నుంచి బయటికి కొట్టండి, దొరకగానే మార్చేయండి. కొన్ని పికప్‌లకి పెద్ద ఫిల్టర్ లోపల ఇంకో చిన్నది ఉంటుంది, దాన్ని అస్సలు శుభ్రం చేయకూడదు, మార్చడమే. నీళ్ళలో తడిసిన పేపర్ ఫిల్టర్ ఎండబెట్టి వాడటం కూడా వద్దు.

ప్రశ్న: ఫిల్టర్ నిండిపోయిందని ఎలా తెలుస్తుంది? మైలేజ్ పడిపోతే అదేనా?

జవాబు: మైలేజ్‌ని నమ్ముకోవద్దు. అమెరికాలోని ఓక్ రిడ్జ్ నేషనల్ లాబొరేటరీ 2009లో చేసిన పరిశీలనలో కంప్యూటర్ కంట్రోల్ ఉన్న కార్లలో ఫిల్టర్ మూసుకుపోయినా మైలేజ్ పెద్దగా మారలేదు, తగ్గింది వేగం అందుకోవడమే. పాత కార్బ్యురేటర్ బండి మైలేజ్ మాత్రం దెబ్బతింది. డీజిల్‌లో అయితే ఎత్తెక్కేటప్పుడు లాగకపోవడం, నల్లపొగ రావడం కనపడతాయి, అయితే వీటికి ఇంజెక్టర్లు, టర్బో గొట్టం లాంటి వేరే కారణాలూ ఉంటాయి. పేపర్ నల్లబడిందని చూసి నిర్ణయించడం కూడా సరికాదు, నల్లగా ఉన్నా గాలి బాగానే వదుల్తుండొచ్చు. మీ బండి డబ్బా మీద సర్వీస్ ఇండికేటర్, అంటే ఫిల్టర్ నిండితే రంగు మారి చెప్పే చిన్న గుర్తు, ఉంటే అది ఎర్రగా మారాక మార్చండి. లేకపోతే సర్వీస్ బుక్‌లో దుమ్ము ప్రాంతాలకి విడిగా ఇచ్చిన కిలోమీటర్లు పాటించండి, మామూలు రోడ్లకి ఇచ్చిన అంకె మట్టి రోడ్డు బండికి పనికిరాదు.