పిండి నుంచి గ్లూకోజ్ తీసే ఫ్యాక్టరీలో ఉద్యోగం: ప్రొడక్షనా, ల్యాబా?

ప్రశ్న: మా అమ్మాయి కెమికల్ ఇంజనీరింగ్ పూర్తిచేసింది. మొక్కజొన్న పిండి (స్టార్చ్) నుంచి గ్లూకోజ్ పొడి తయారుచేసే ఫ్యాక్టరీలో ట్రైనీగా తీసుకుంటామన్నారు. ప్రొడక్షన్‌లో అయితే షిఫ్టులు, ల్యాబ్‌లో అయితే పగటి డ్యూటీ. ఏది మంచిది?

జవాబు: ప్రొడక్షన్‌లోనే చేరమనండి, కనీసం మొదటి రెండేళ్లు. కాలేజీలో విడివిడి సబ్జెక్టులుగా చదివినవన్నీ ఆ ఫ్యాక్టరీలో ఒకే వరుసలో కనిపిస్తాయి. ఇంత మంచి బడి కొత్త ఇంజనీరుకు అరుదుగా దొరుకుతుంది.

నీళ్లలో కలిపిన పిండిని ఆల్ఫా అమైలేజ్ ఎంజైముతో సహా ఆవిరి పట్టించి, 105 డిగ్రీల దగ్గర కొద్ది నిమిషాలు ఉంచుతారు. పిండిలోని పొడవాటి గొలుసులు తెగడం మొదలవుతుంది. తర్వాత 60 డిగ్రీలకు చల్లార్చి, పీహెచ్‌ను (పులుపు ఎంతుందో చెప్పే కొలతను) 4.5 దగ్గరకు తెచ్చి, గ్లూకోఅమైలేజ్ అనే మరో ఎంజైము వేస్తే ఒకటి నుంచి మూడు రోజుల్లో దాదాపు అంతా గ్లూకోజ్ అవుతుంది. అలాగని ఇంకా ఉంచితే నష్టమే. గ్లూకోజ్ అణువులు మళ్లీ జతకట్టి దిగుబడి పడిపోతుంది. ఎక్కడ ఆపాలో ట్యాంకు పక్కన పనిచేసినవాళ్లకే బాగా తెలుస్తుంది.

మీ అమ్మాయిని ఒక లెక్క అడగండి: తేమ లేని 100 కిలోల స్టార్చ్ మొత్తం మారితే ఎంత గ్లూకోజ్ రావాలి? దాదాపు 111 కిలోలు. గొలుసు తెగిన ప్రతిచోటా ఒక నీటి అణువు చేరుతుంది మరి. ఈ లెక్క చెప్పగలిగితే ఆమె ఈ పనికి సిద్ధంగా ఉన్నట్లే.

వడపోత, బొగ్గుతో రంగు తీయడం, అయాన్ ఎక్స్ఛేంజ్ (కరిగి ఉన్న లవణాలను తీసేయడం), పాకాన్ని చిక్కబరచడం త్వరగానే పట్టుబడతాయి. అసలు విద్య క్రిస్టలైజర్ దగ్గర, అంటే పాకం నుంచి స్ఫటికాలు కట్టించే తొట్టి దగ్గర ఉంది. పాత బ్యాచ్‌లో నాలుగో వంతో ఐదో వంతో అందులోనే ఉంచి కొత్త పాకం పోస్తారు. మిగిల్చిన ఆ స్ఫటికాలే కొత్తవాటికి విత్తనాలు. 45 డిగ్రీల దగ్గర మొదలుపెట్టి, నిదానంగా తిప్పుతూ రెండు మూడు రోజులు చల్లారుస్తారు. తొందరపడితే సన్నని స్ఫటికాలు కుప్పలుగా పుడతాయి. వేగంగా తిప్పి ద్రవాన్ని వేరుచేసే సెంట్రిఫ్యూజ్‌లో వాటి మధ్య ద్రవం వదలదు, గట్టిగా కడిగితే సరుకే కరిగిపోతుంది. పిండిని ఆమ్లంతో ఉడికిస్తే తీపి పాకం వస్తుందని రసాయన శాస్త్రవేత్త కిర్కాఫ్ 1811లోనే చూపించాడు. దాని నుంచి శుభ్రమైన స్ఫటికాలను పెద్ద ఎత్తున నిలకడగా తీసే పద్ధతి మాత్రం 1920లలో గానీ కుదరలేదు. ఈ దశ ఎంత మొండిదో దీన్నిబట్టి అర్థం చేసుకోవచ్చు.

ల్యాబ్‌ను నేను తక్కువ చేయడం లేదు. కానీ అక్కడికి వచ్చేది సీసాలో నమూనా. అది అలా ఎందుకు తయారైందో కింద ప్లాంటులోనే తెలుస్తుంది. ఇక్కడ నేర్చిన పని సార్బిటాల్ (గ్లూకోజ్ నుంచి చేసే తీపి పదార్థం), సిట్రిక్ ఆమ్లం, మందుల తయారీలోనూ అక్కరకొస్తుంది.

షిఫ్టుల గురించి మీ ఆందోళన సబబే. రాత్రి రాకపోకలకు వాహనం ఉందా, షిఫ్టు ఎన్నాళ్లకు మారుతుంది అని ముందే అడగండి. అంతకంటే ముఖ్యంగా ధూళి సంగతి అడగండి. గాలిలో దట్టంగా లేచిన పిండి ధూళికి నిప్పురవ్వ తగిలితే పేలుడు జరుగుతుంది. దాన్ని ఎలా శుభ్రం చేస్తారు, కొత్తవారికి ఏ శిక్షణ ఇస్తారు అన్నదానికి సూటిగా జవాబు రాకపోతే ఆ ఉద్యోగం వదులుకోమనండి. జవాబు సరిగా ఉంటే చేరి, మొదటి ఆరు నెలల్లోనే తనను క్రిస్టలైజర్ విభాగంలో వేయమని అడగమనండి.