తోకచుక్క ఎక్కడ ఉంటుందో, ఎంత వెలుగుతుందో ముందే ఎలా చెప్తారు? మనం ఇంటి దగ్గర నుంచి ట్రాక్ చేయొచ్చా?

చేయొచ్చు. కాకపోతే మీ ప్రశ్నలో రెండు ప్రశ్నలున్నాయి, వాటిని ఒకే గాటన కట్టకండి. ఎక్కడ ఉంటుంది అనేదానికి లెక్క ఉంది, కళ్ళు మూసుకుని నమ్మొచ్చు. ఎంత వెలుగుతుంది అనేదానికి మాత్రం ఎవరి మాటా నమ్మొద్దు, నాసా వాళ్ళు చెప్పినా సరే, మీ కళ్ళతో మీరు చూసి అంకె రాసుకునేదాకా అది ఉత్త అంచనానే. ఈ విషయంలో నాతో వాదించి గెలిచినోళ్ళు లేరు 😄

దారి సంగతి తేల్చేద్దాం ముందు. ఎప్పుడో కంప్యూటర్లు లేని రోజుల్లోనే, హేలీ తోకచుక్క మళ్ళీ వస్తుందని ఇంగ్లాండ్ ఖగోళవేత్త హేలీ చెప్పి పోయాడు కదా, ఫ్రాన్స్‌లో క్లెరో, లలాండ్, నికోల్ రెన్ లెపోత్ అనే ఆవిడ, ముగ్గురూ కూర్చుని గురుడు, శని దాన్ని ఎంత లాగుతాయో చేత్తో లెక్క కట్టి 1759 ఏప్రిల్ మధ్యలో సూర్యుడి దగ్గరికి వస్తుంది, ఒక నెల అటూ ఇటూ అన్నారు. మార్చి 13న వచ్చింది. డెబ్బై ఆరేళ్ళ ప్రయాణంలో నెల తేడా! ఇప్పుడైతే కొన్ని రాత్రులు ఫోటోలు తీసి స్థానాలు కొలిస్తే కక్ష్యకి కావాల్సిన ఆరు సంఖ్యలు వచ్చేస్తాయి, ఎక్కువ రోజులు కొలిచేకొద్దీ అవి గట్టిపడతాయి. చిన్న తిరకాసు ఏంటంటే ఎండకి తోకచుక్కలోని మంచు ఆవిరై గ్యాస్ చిమ్ముతుంది, ఆ తోపుకి దారి కొంచెం జరుగుతుంది, హేలీకి ఒక్కో చుట్టుకి నాలుగు రోజుల దాకా ఆలస్యం అయ్యేది దీనివల్లే. అందుకే ఫోన్లో ఎప్పుడో వేసుకున్న యాప్ అలాగే తెరిచి "అక్కడ లేదే" అని గోల చేయకుండా ముందు డేటా అప్‌డేట్ చేసుకోండి బాబూ. నాసా వాళ్ళ జేపీఎల్ హొరైజన్స్ సైట్‌లో తోకచుక్క పేరు, మీ ఊరి అక్షాంశ రేఖాంశాలు ఇస్తే ఏ టైముకి ఏ దిక్కున ఎంత ఎత్తులో ఉంటుందో టేబుల్ వస్తుంది, ఫ్రీ.

ఇక వెలుగు. 2024లో వచ్చిన సుచిన్‌షాన్-అట్లాస్ గుర్తుంది కదా. 2023 జనవరిలో చైనా వాళ్ళ పర్పుల్ మౌంటెన్ అబ్జర్వేటరీ, ఫిబ్రవరిలో దక్షిణాఫ్రికాలో ఉన్న అట్లాస్ టెలిస్కోపు పట్టుకున్నాయి. ఏడాదిన్నర ముందే 2024 సెప్టెంబర్ చివర్లో సూర్యుడి దగ్గరికి వస్తుందన్నారు, 27న వచ్చింది. అదే వెలుగు సంగతి చూడండి, 2024 జూలైలో సెకానినా అనే పెద్దాయన, తోకచుక్కల మీదే జీవితం గడిపినాయన, ఇది ముక్కలవడం ఖాయం అని పేపర్ రాశాడు. అది ముక్కలూ అవలేదు, పైగా అక్టోబర్ 9 ప్రాంతంలో మనకీ సూర్యుడికీ మధ్యలోకి వచ్చేసరికి దాని దుమ్ము మీద పడ్డ వెలుగు మన వైపుకే చెదిరి వెలుగు అంకె (మాగ్నిట్యూడ్ అంటారు, అంకె ఎంత తగ్గితే అంత ఎక్కువ వెలుగు) మైనస్ 4 దాటింది, అంటే శుక్రుడంత. ఏం లాభం, అప్పుడది సూర్యుడి పక్కనే ఉంది, సూర్యుణ్ణే చూస్తుండే సోహో ఉపగ్రహం కెమెరాలో తప్ప ఎవరికి కనపడాలి? మన వాట్సాప్ గ్రూపులు ఆ అంకె ఒక్కటే పట్టుకుని "నేడు రాత్రి ఆకాశంలో అద్భుతం, శుక్రుడిలా వెలిగే తోకచుక్క" అని తిప్పాయి. టీవీ వాళ్ళు సరేసరి, ఒక జ్యోతిష్కుడిని కూర్చోబెట్టి ఏ రాశి వాళ్ళకి గండమో అడిగారు. ఖగోళం తెలిసినాయన్ని ఒక్కణ్ణి పిలవొచ్చుగా.

అప్పుడు నేను జమ్మలమడుగు దగ్గర మా ఊళ్ళో ఉన్నా. సాయంత్రం పడమర చూడ్డానికి మంచి రోజులన్నీ వాయుగుండం తినేసింది, ముసురు పోయేసరికి పున్నమి. పున్నమి దాటి చంద్రుడు ఆలస్యంగా లేచే రోజు కోసం ఆగి, చీకటి పడగానే మా మేనల్లుడిని తీసుకుని మిద్దె ఎక్కా. ఎక్కితే ఎదురుగా వీధిలైటు, పంచాయతీ వాళ్ళు కొత్తగా వేసిన తెల్ల ఎల్‌ఈడీ, రోడ్డు మీదకంటే మా మిద్దె మీదే ఎక్కువ పడతాంది. ఆర్పమంటే పాములు తిరుగుతాయి అంటారు, నిజమే, అయినా పైన ఒక రేకు మూత పెడితే వెలుగు కిందకే పడుతుంది, వీధికీ మంచిది, ఆకాశానికీ మంచిది, ఎవరికి చెప్పాలి. చివరికి దండెం మీద దుప్పటి రెండు మడతలు వేసి దాని నీడలో కూర్చున్నాం. మా అమ్మ కింద నుంచి "దొంగలనుకుంటారురా" అని ఒకటే అరుపు.

శుక్రుడు నైరుతిలో కిందగా ఉన్నాడు, దాన్నుంచి బాగా పైకి, కుడికి పోతే సర్పధారి (ఒఫియుకస్) నక్షత్ర మండలం. 10x50 బైనాక్యులర్ (పది రెట్లు పెద్దగా చూపించేది, ముందు అద్దం 50 మి.మీ.) పిల్లోడికిచ్చి మెల్లగా తిప్పమన్నా. "మామా, కాగితం మీద నూనె మరక లాంటిది ఉంది, పైకి సాగింది" అన్నాడు. అదే! యాప్ చెప్పిన చోటే ఉంది, వెంట్రుకంత తేడా లేదు. తోక పెద్దగా లేదు, ఫోటోల్లో చూసినోళ్ళకి నిరాశే.

తర్వాత అసలు పని. తోకచుక్క వెలుగు కొలవాలంటే దాన్ని ఫోకస్‌లో పెట్టి ఎంత మసక ముద్దగా ఉందో మనసులో పెట్టుకోవాలి, తర్వాత ఫోకస్ చక్రం తిప్పి పక్క నక్షత్రాన్ని అంతే సైజు ముద్ద అయ్యేదాకా పలచబరచాలి, అప్పుడు రెండిట్లో ఏది వెలుగో పోల్చాలి. సిడ్జ్‌విక్ పద్ధతి అంటారు. ఇలా చేయకుండా చుక్కలా ఉన్న నక్షత్రంతో పోలిస్తే లెక్క తప్పుతుంది, తోకచుక్క వెలుగు అంతా పరుచుకుని ఉంటుంది కాబట్టి. మేం ఎంచుకున్న నక్షత్రాల వెలుగు అంకెలు ఒకటి 2.8, ఇంకోటి 3.2. నాకు రెండింటి మధ్యలో పడింది, 3 అని రాసుకున్నా. వాడు మాత్రం "లేదు మామా, రెండోదానికంటే వెలుగు తక్కువే, మూడున్నర" అని పట్టుబట్టాడు. వాడిదీ రాశా. కళ్ళు ఒక్కొక్కరివి ఒక్కోలా ఉంటాయి, బైనాక్యులర్ మారితే అంకె మారుతుంది, అందుకే కాబ్స్ అనే డేటాబేస్‌లో ప్రపంచం నలుమూలల నుంచి ఇలాంటి అంకెలు వందలు వందలు పడితే గానీ వెలుగు గీత, అంటే రోజురోజుకీ వెలుగు ఎలా మారిందో చూపే గ్రాఫు, తేలదు. ఆ గీతే అసలైన సమాచారం. ముందుగా ఇచ్చే సూత్రం సూర్యుడి నుంచి దూరం, మన నుంచి దూరం పెట్టి తయారుచేసిందే, కానీ దాంట్లో తోకచుక్క స్వభావానికి ఒక అంకె ఉంటుంది, అది ఒక్కోదానికి ఒక్కోలా, ఒక్కోసారి అదే తోకచుక్కకి దారి మధ్యలో మారిపోతుంది. 2013లో ఐసాన్ అనే తోకచుక్కని శతాబ్దపు తోకచుక్క అన్నారు, నవంబర్ 28న టైముకి తప్పకుండా సూర్యుడి దగ్గరికి వెళ్ళింది, అక్కడే పొడైపోయింది.

మీరు అడగలేదు గానీ చెప్తా. 1949లో హార్వర్డ్‌లో చదువుకుంటూ ఒక కొత్త తోకచుక్కని పట్టుకున్న వేణు బప్పు మన హైదరాబాద్ నిజాం కాలేజీ కుర్రాడే, వాళ్ళ నాన్న నిజామియా అబ్జర్వేటరీలో పనిచేసేవాడు. దానికి బప్పు-బాక్-న్యూకిర్క్ అని పేరు. బేగంపేటలో రోజూ ట్రాఫిక్‌లో ఇరుక్కునే వాళ్ళలో ఆ అబ్జర్వేటరీ అక్కడే ఉండేదని ఎంతమందికి తెలుసు? కోచింగ్ సెంటర్ ఎక్కడుందో మాత్రం మూడో క్లాసు పిల్లాడు కూడా చెప్తాడు.

టెలిస్కోపు కొనకండి ఇప్పుడే, అది ఇంకో పెద్ద గొడవ. 7x50 గానీ 10x50 గానీ బైనాక్యులర్, ఒక నోటుబుక్కు, ఎర్ర కాగితం చుట్టిన టార్చి చాలు. తేదీ, టైము, ఏ బైనాక్యులర్, ఏ నక్షత్రాలతో పోల్చారు, ఇవి రాయకుండా ఒట్టి అంకె రాస్తే దానికి విలువ లేదు. ఆకాశం అంచుకి దగ్గర్లో ఉంటే గాలి వెలుగుని మింగేస్తుంది, కాబట్టి పోల్చే నక్షత్రం కూడా అంతే ఎత్తులో ఉన్నది చూసుకోండి.